మొదటి గింజ ఎవరిది?

2023 జనవరిలో, పండగకు నాలుగైదు దినాల ముందు, అంచెట్టిలో చౌకధరల అంగడి ముందర వరుసలో నిలబడి ఉన్నాను. ఆ ఏడు తమిళనాడు ప్రభుత్వం పొంగల్ కానుకగా కార్డుకు ఒక కిలో పచ్చిబియ్యం, ఒక కిలో చక్కెర, ఒక నిండు చెరకుగడ, వెయ్యి రూపాయల రొక్కం ఇచ్చింది. నా ముందున్న పెద్దాయన తన వంతు తీసుకొని, గడను భుజానికి ఆనించుకొని, వెనక్కి తిరిగి "కొత్తబియ్యం చేతికొచ్చె, ఇంగ పండగేప్పా" అని నవ్వినాడు. ఆ మాటలో ఎకసెక్కం ఉందో లేదో నాకు ఇప్పటికీ తేలలేదు. ఆయన ఇంటి పక్కన రాగివామి నూర్చకుండా అట్లే ఉంది. ఆయన చేలో పండింది రాగి. పండగ కుండలో పొంగబోయేది ఎక్కడో, ఎవరో పండించిన వడ్లు.

ఆ దినం నా చేతిసంచిలో వోలే సోయింకా నాటకం 'కొంగీస్ హార్వెస్ట్' ఉంది. తెలుగులో 'కొంగి పంటపండగ' అనుకోవచ్చు. 1965లో మొదటిసారి ఆడారు, 1967లో అచ్చయింది. ఎన్నో ఏండ్ల కింద ఒకసారి చదివి, ఆఫ్రికా నియంతలను ఎగతాళి చేసిన నాటకమని పక్కన పెట్టినాను. అందరూ అట్లే చదువుతారు, పాఠాలు చెప్పేవాళ్లూ అట్లే చెబుతారు. ఆ వరుసలో నిలబడి రెండోసారి తెరిచినప్పుడు మాత్రం అది నియంతను గురించిన నాటకంగా కాక, పంటపండగను గురించిన నాటకంగా కనిపించింది. ఈ వ్యాసం ఆ రెండో చదువును గురించి. అందులో నా సొంత తప్పు ఒకటి కూడా చెప్పుకోవలసి ఉంది.

నాటకం కథ తెలియనివాళ్లకు నాలుగు మాటలు. యోరుబాలు నైజీరియా దేశపు నైరుతి దిక్కున ఉండే పెద్ద జాతి. వాళ్ల తిండికి మూలం యామ్ అనే గడ్డ, మన పెండలం జాతిది. కొత్తగడ్డ తవ్విన వెంటనే ఎవరూ నోట పెట్టరు. దేవతలకు, పితరులకు ముందు చూపాలి, ఊరి రాజు ముట్టాలి, ఆ పైనే జనం తినాలి. ఆ దినమే పండగ. సోయింకా ఊహించిన ఇస్మా అనే దేశంలో కొంగి అనే అధ్యక్షుడు ఏలుతున్నాడు. పాత రాజు ఓబా దన్లోలాను చెరలో పెట్టినాడు. చంపవచ్చు, కానీ చంపితే పని జరగదు. కొత్తగడ్డను దన్లోలా తన చేతులతో, జనమంతా చూస్తుండగా, కొంగికి అందించాలి. అప్పుడుగాని కొంగి ఏలిక నిజం కాదు. సైన్యం ఉంది, జెండా ఉంది, పంచవర్ష ప్రణాళిక ఉంది, పొగడడానికి జీతగాళ్లయిన పండితుల ముఠా ఉంది. ఇన్ని ఉన్నవాడికి ఒక గడ్డ ఎందుకు కావలసి వచ్చింది?

నాటకమంతా ఈ ఒక్క ప్రశ్న మీద నిలబడింది. సోయింకా దీనికి ఎక్కడా ఉపన్యాసం చెప్పడు. దన్లోలా ఇస్తానంటాడు, ఇవ్వనంటాడు, దుస్తులు కుదరలేదంటాడు, వంకలు పెట్టి కాలం జరుపుతుంటాడు. ఆయన మేనల్లుడు దావుదు పొలం చేసేవాడు. బహుమతి గడ్డ పండించింది అతడే. సెగీ అనే ఆమె తండ్రి కొంగి జైలులో మరణశిక్షకు ఎదురుచూస్తున్నాడు. పండగ దినం రానే వస్తుంది. కొంగి ముందుకు పళ్లెం వస్తుంది. మూత తీస్తే అందులో గడ్డ లేదు, సెగీ తండ్రి తల ఉంది.

చదివి చాలాసేపు పుస్తకం మూసి పెట్టినాను. ఆ తలను చూసి భయపడి కాదు. పళ్లెంలో పెట్టి పాలకుడి ముందుకు తెచ్చే వస్తువు గడ్డ అయినా తల అయినా ఒకే పని చేస్తుందన్న సంగతి తట్టినందుకు. నీ ఏలుబడిలో పండింది ఇదే, తీసుకో అని చెప్పడమే ఆ పని. పంటపండగలో జరిగేది లెక్క అప్పగించడం. భూమి ఇచ్చినదానిలో మొదటిది ఎవరి చేతికి పోతుందో, ఆ నేల వాళ్లదని ఒప్పుకొన్నట్లు. ముగ్గులు, పాటలు, కొత్తబట్టలు ఆ ఒప్పుకోలుకు కప్పిన తెల్లగుడ్డ.

ఇప్పుడు మా కళ్లం దగ్గరికి వస్తాను.

డెంకణికోట దాటి కనుమ దిగితే అంచెట్టి. చుట్టూ మేలగిరి కొండలు, ఆ కొండల అవతల కావేరి. నీరు కట్టే భూమి తక్కువ, వానను నమ్ముకొన్న చేలు ఎక్కువ. రాగి ఇక్కడి పంట. సాలుకు సాలుకు నడుమ అనప, ఆముదం, కంది, అంచులో ఆవాలు. కార్తీకంలో కోత మొదలై, మోపులు కట్టి వామి వేసి, తీరిక దొరికినప్పుడు పుష్యం దాకా నూరుస్తారు. తెలుగు, తమిళం, కన్నడం మూడు మాటలూ ఒకే చేలో వినబడతాయి. రాగికి ఏ మాటయినా ఒకటే.

నా చిన్నప్పుడు కళ్లం అంటే పేడతో అలికిన నేల, నడుమ మేటి, ఎద్దులు లాగే రాతిగుండు. తూర్పారబట్టి రాశి పోసినాక గింజలు కొలిచేదాకా ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. పేడతో పిళ్లారిని చేసి, గరిక గుచ్చి, రాశి నెత్తిన పెట్టేవాళ్లు. కొలిచేటప్పుడు మొదటి పడిని 'ఒకటి' అనరు, 'లాభం' అంటారు. లాభం, రెండు, మూడు. ఆ మొదటి పడి ఇంటికి పోదు, విడిగా పోస్తారు. అది దేవుడిది అని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. దేవుడు దాన్ని ఏం చేసుకొంటాడని అడిగి ఒకసారి మొట్టికాయ తిన్నాను.

ఇక్కడే ఆగిపోతే ఈ వ్యాసం కూడా మన పత్రికల్లో ఏటా జనవరిలో వచ్చే తీపి జ్ఞాపకాల్లో ఒకటి అవుతుంది. దేవుడి పడి తరువాత వరుస ఏమిటో కూడా చెప్పాలి. కమ్మరికి, వడ్లవాడికి, చాకలికి, మంగలికి మేర కొలిచేవాళ్లు. అందరికన్నా చివర, కళ్లం గట్టుకు అవతల నిలబడినవాళ్లకు, కోత కోసి, మోపులు మోసి, పండగకు పలక కొట్టినవాళ్లకు, కళ్లం అడుగున మన్నుతో కలిసి మిగిలిన గింజలు. వాళ్ల ఆడవాళ్లు వాటిని చాటలో చెరిగి, రాళ్లు ఏరి, ఇంటికి తీసుకుపోయేవాళ్లు. మొదటి గింజ దేవుడికి ఇచ్చే పండగలోనే చివరి గింజ ఎవరికో కూడా తీర్మానమయ్యేది. సోయింకా గొప్పదనం ఇక్కడ తెలుస్తుంది. దన్లోలాను ఆయన సాధువుగా చూపలేదు. ఆ ముసలి రాజు గడుసువాడు, భోగి, తన పెద్దరికం తప్ప వేరే ఎరగనివాడు. కొంగి చెడ్డవాడైనంత మాత్రాన పాత రాజు మంచివాడైపోడు. మన పండగ కథకులు ఈ సంగతి గమనించరు. ఇప్పటి చెడును చూపడానికి నిన్నటిని బంగారంగా పూస్తారు.

ఈ గుండు, మేటి ఇప్పుడు లేవు. రాగి మోపులను తారురోడ్డు మీద పరిస్తే బస్సులు, లారీలు తొక్కి నూరుస్తాయి. లేదా యంత్రం వస్తుంది, గంటకింత అని బాడుగ. రోడ్డు మీద నూర్చిన రాగికి లాభం అని కొలిచేవాళ్లను నేను చూడలేదు. గోనెసంచిలోకి ఎత్తడమే. మొదటి గింజ బస్సు చక్రానికి అంటుకొని హొసూరుకు పోతుంది.

ఇంకొక హక్కుదారు ఉన్నాడు. కోతల కాలంలో బన్నేరుగట్ట అడవుల నుంచి ఏనుగుల మందలు జవళగిరి మీదుగా మా వైపు దిగుతాయి. రాగి వెన్ను పాలు పట్టిన వాసన వాటికి ఎంత దూరం తెలుస్తుందో గాని, ఏటా తప్పవు. మంచెల మీద రాత్రంతా కాపలా, టపాకాయలు, కేకలు. మనుషులు చచ్చిపోయిన ఏండ్లు ఉన్నాయి, కరెంటు తీగ తగిలి ఏనుగులు చచ్చిన ఏండ్లూ ఉన్నాయి. తెల్లవారి తొక్కిన చేను చూసుకొని, "ముందు ఆయప్పే తినిపోయినాడు" అనే రైతును నేను ఎరుగుదును. తిట్టుతూనే 'ఆయప్ప' అంటాడు. ఆ ఒక్క మాట పక్కన మన కథల్లోని పది పండగ వర్ణనలు నిలబడవు.

నా తప్పు అన్నానే, అది చెబుతాను. నేను రాసిన మొదటి కథ సంక్రాంతి కథ. అందులో అక్షయపాత్ర తలమీద పెట్టుకొన్న హరిదాసు ఉన్నాడు, కోడిపందెం ఉంది, పడవ దిగి వచ్చే కొత్త అల్లుడు ఉన్నాడు, కొబ్బరితోట ఉంది. అంచెట్టిలో పడవ! హరిదాసును నేను అప్పటికి బొమ్మల్లో తప్ప చూసి ఎరుగను. అబద్ధం రాస్తున్నానని తోచనేలేదు. తెలుగు పండగ అంటే అట్లుండాలని పత్రికలు చదివి నేర్చుకొన్నాను. తెలుగువాడినని చూపించుకోవడానికి గోదావరి పండగను అప్పు తెచ్చుకొన్నాను. కథ అచ్చయింది కూడా. మా నాయన చదివించుకొని విని, "యాడిది రా ఈ ఊరు?" అని ఒక్క మాట అడిగినాడు. నేను చదివిన విమర్శల్లో అంత చిన్నది, అంత గట్టిది వేరే లేదు.

1956 తరువాత ఆంధ్రకు బయట మిగిలిపోయిన తెలుగువాళ్ల రాతలకు ఈ జబ్బు తొందరగా అంటుకొంటుంది. నేను ఒక్కడినే కాను. ఇటువంటి చిన్నపత్రికలకు వచ్చే పండగ కథలు చదువుతుంటే ఇప్పటికీ కనిపిస్తుంది. రాగిసంగటి తిని కూర్చొని అరిసెల గురించి రాస్తాం. మన పండగ దినాల రుచి పితికిపప్పు. అనపగింజలను రాత్రి నానబెట్టి, తెల్లవారి ఇంటిల్లిపాదీ కూర్చొని ఒక్కొక్క గింజను వేళ్లతో పితికి, పొట్టు ఊడదీసి చేసే పులుసు. ఆ పితకడంలోనే సగం పండగ మాటలు జరుగుతాయి, పెండ్లి సంబంధాలు తేలుతాయి, పాత తగాదాలు మళ్లీ లేస్తాయి. ఒక కథకు చాలినంత సరుకు ఆ ఒక్క గిన్నె చుట్టూ ఉంది. దాన్ని వదిలి కొబ్బరితోటకు పోతాం.

పండగను గట్టిగా పట్టుకొన్న రచన ఎట్లుంటుందో చూడాలంటే యోరుబాల పక్కనే ఉన్న ఇగ్బోల దగ్గరికి పోవాలి. చినువా అచెబె 1964లో రాసిన 'యారో ఆఫ్ గాడ్' నవలలో ఎజెయులు అనే పూజారి ఉన్నాడు. ఆరు పల్లెలకు పండగ దినం చెప్పవలసినవాడు ఆయనే. ఏటా పన్నెండు పవిత్రమైన గడ్డలు ఆయన దగ్గర ఉంటాయి. అమాస పోయి నెలపొడుపు కనిపించినప్పుడల్లా ఒకటి తింటాడు. అన్నీ అయిపోతేనే కొత్తగడ్డ పండగ. ఇంగ్లీషు దొర పిలిపించి తమ కింద నాయకుడిగా ఉండమంటే ఆయన ఒప్పుకోడు. దొరలు చెరలో పెడతారు. ఆ నెలల గడ్డలు తినకుండా మిగిలిపోతాయి. ఇంటికి వచ్చినాక, ఊరివాళ్లు నన్ను ఒంటరిగా పంపినారు కదా అన్న కక్ష కూడా కలిసి, లెక్క ముగియలేదు, పండగ చెప్పను అంటాడు. పంట నేలలోనే ఉండిపోతుంది. పిల్లలు ఆకలితో ఉన్నారు. అప్పుడు క్రైస్తవ బోధకుడు ఒక మాట అంటాడు. మీ దేవుడికి భయపడుతున్నారు గదా, గడ్డ మా గుడికి తెచ్చి ఇవ్వండి, మా దేవుడు మిమ్మల్ని కాపాడతాడు, ఆ పైన తవ్వుకొని తినండి అని. జనం ఆ దారే పట్టుతారు.

ఒక మతం పోయి ఇంకొక మతం రావడాన్ని నేను చదివిన పుస్తకాల్లో ఇంత తేటగా చెప్పింది లేదు. వాదంలో ఎవరూ ఓడలేదు. మొదటి గడ్డ ఎవరి గడపకు పోయిందో అక్కడ తేలిపోయింది. కొంగి బలవంతంగా అడిగినదాన్ని బోధకుడు మెత్తగా అడిగినాడు. ఆకలి సాక్షి సంతకం పెట్టింది. కళగా చూస్తే రెంటిలో అచెబె నవలే నాకు మిన్నగా తోస్తుంది. సోయింకా నాటకంలో తెలివి మెరుపు ఎక్కువ, పొలం మన్ను తక్కువ. అచెబె పుస్తకంలో గడ్డ ఎండిన నేలలో బిగుసుకుపోయి ఉండడం వేళ్లకు తగులుతుంది.

అంగడి వరుసలో నాకు తట్టిన మూడో తీరు ఈ ఇద్దరూ రాయలేదు. ఇక్కడ ఏలికవాళ్లు మొదటి గింజను అడగరు, తామే ఇస్తారు. చెరకుగడతో సహా. పండగ కళ్లం నుంచి గుడికి, గుడి నుంచి ఇంటికి నడిచేది ఒకప్పుడు. ఇప్పుడు గోదాము నుంచి అంగడికి, అంగడి నుంచి పొయ్యి మీదికి నడుస్తుంది. దారి తిరగబడింది. దీన్ని తప్పు పట్టడం నాకు సులభం, ఎందుకంటే ఆ వెయ్యి రూపాయలతో పిల్లకు గౌను కొన్న తల్లి నేను కాదు. ఇచ్చేవాళ్లను కొంగితో పోల్చడం నా ఉద్దేశమూ కాదు. తీసుకొనేవాడు, ఇచ్చేవాడు అన్న చోట్లు మారితే పండగకు అర్థం ఏమవుతుంది అన్నదే కథకుడు పట్టుకోవలసిన కొస. ఇంకొక మెలిక కూడా ఉంది. 2023లో మా పక్క ధర్మపురి జిల్లాలో, నీలగిరుల్లో, చౌక అంగళ్లలో బియ్యానికి బదులుగా రెండు కిలోల రాగులు ఇవ్వడం మొదలుపెట్టినారు. రాగి పండించేవాడికి రాగి కూడా అంగడిలోనే దొరికే కాలం వచ్చింది. ఎవరైనా దీన్ని కథ చేసినారా? నా కంటబడలేదు.

పేరు సంగతి కూడా తప్పించుకోకూడదు. మేం పెద్దపండగ అంటాం, సంక్రాంతి అంటాం. బడిలో, బ్యానర్ల మీద, సర్కారు కాగితాల్లో అది పొంగల్, తమిళర్ తిరునాళ్. 2008లో తై నెల మొదటి దినమే తమిళ సంవత్సరాది అని చట్టం చేసినారు, 2011లో ఆ చట్టాన్ని రద్దు చేసినారు. ఒక పంటపండగ సంవత్సరాది కావడం, మళ్లీ కాకపోవడం రాజధానిలో తీర్మానమయింది. రెండు తీర్మానాలకూ మా వామి ఒక అంగుళం జరగలేదు. తమిళులతో నాకు తగాదా లేదు. నా చేను గట్టు పక్కన చేను తమిళం మాట్లాడేవాళ్లది, మా పసులకు ఒకటే కుంట. కానీ 2006లో వచ్చిన తమిళ బోధన చట్టం తరువాత మా పిల్లలు బడిలో పండగను గురించి రాసే నాలుగు వాక్యాలు తమిళంలోనే రాస్తారు. అది ఒక భాష నేర్చుకోవడమే, నష్టం కాదు. ఆ నాలుగు వాక్యాలు ఇంటి మాటలో కూడా రాయగలగాలి అన్నది వేరే సంగతి. అవి రాయడానికి కూడా మనం ఇచ్చే నమూనా హరిదాసే అయితే, బడిని తప్పు పట్టే హక్కు మనకు ఎంత ఉంది?

ఇక్కడ ఒకాయనను తలచుకోవాలి. కి. రాజనారాయణన్ కోవిల్పట్టి దగ్గర ఇడైసేవల్ ఊరివాడు. ఇంట్లో తెలుగు, రాసింది తమిళం. 1976లో వచ్చిన 'గోపల్ల గ్రామం' దక్షిణానికి వలసపోయిన తెలుగు కుటుంబాల కథ. దాని కొనసాగింపుకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఆయన తన నల్లరేగడి నేల మాటలకు నిఘంటువు కూర్చినాడు. తెలుగులో రాయలేదే అని మనవాళ్లు కొందరు నొచ్చుకొంటారు. నేను వేరేగా చూస్తాను. ఆయన తన నేల పంటను, తన నేల తిండిని, తన నేల తిట్లను రాసినాడు. తంజావూరును అప్పు తెచ్చుకోలేదు. తెలుగులోనే చూస్తే, స. వెం. రమేశ్ 'ప్రళయ కావేరి కథలు' పులికాట్ సరస్సు లంకల మాటతోనే ఆ లంకల బతుకును చెప్పాయి. నామిని తిరుపతి చుట్టుపక్కల పల్లెమాటను కథ మొత్తానికి మాటగా చేసినాడు. ఇవి చదివినాక కూడా అంచెట్టివాడు కొబ్బరితోట రాస్తే అది తెలియకపోవడం కాదు, సిగ్గుపడడం.

మూడో నాటి పండగ దగ్గర మాత్రం మనకు ఒక పెద్ద కావ్యం ఉంది. దాన్ని ఎవరూ పండగ కావ్యంగా చదవరు. కనుమను మేం పసుల పండగ అంటాం. చిత్తూరు, కోలారు వైపు మాదిరే మా వైపూ ఆ సాయంకాలం పసులకు కొమ్ములు చెక్కి, రంగులు పూసి, ఊరి బయట కాటమరాయుడి దగ్గరికి తోలుకుపోతారు. కంపలు కుప్పవేసి అంటిస్తారు. చిత్తూరు వాళ్లు దాన్ని చిట్లాకుప్ప అంటారు. మంట పక్కగా పసులు పరుగెత్తుతాయి. ఆ కాటమరాయుడు ఎవరు? గొల్లల వీరగాథల కాటమరాజే. ఆ కథలను తంగిరాల వెంకట సుబ్బారావు ఎన్నో ఏండ్లు శ్రమపడి సేకరించి, పరిష్కరించి అచ్చు వేయించినారు. కరువు వచ్చి కాటమరాజు ఆలమందలను తోలుకొని నెల్లూరు సీమకు పోతాడు. మేతకు బదులు కోడెదూడలు ఇస్తానని నల్లసిద్ధితో ఒప్పందం. తరువాత రాజు మనుషులు ఆవులను చంపడంతో పుల్లరి ఇవ్వనంటాడు. యుద్ధం జరుగుతుంది. ఖడ్గ తిక్కన రాజు పక్షాన పోరాడి అందులోనే పోతాడు.

పుల్లరి అంటే గడ్డి మీద పన్ను. మొదటి గడ్డ, మొదటి పడి, కోడెదూడ, మూడూ ఒకటే ప్రశ్న. పసుల పండగ దినం మనం పసుపు పూసి మొక్కే దేవుడు రాజుకు గడ్డిపన్ను ఎగ్గొట్టి యుద్ధం చేసినవాడు! ఇంత మంట గుండెలో పెట్టుకొన్న పండగను మనం ఎద్దుల అలంకారంగా రాస్తున్నాం. ఆ ప్రశ్న ఆరిపోయిందా అంటే, అదీ లేదు. మా చుట్టూ అడవి 2014లో కావేరి ఉత్తర అభయారణ్యంలో, 2022లో కావేరి దక్షిణ అభయారణ్యంలో చేరింది. అడవిలో పట్టి వేసి మందలు మేపడం ఈ కొండల్లో పాత బతుకు. ఆలంబాడి పసులు ఈ దారి మీదే పుట్టి పెరిగిన జాతి, ఇప్పుడు వెదికినా అరుదు. 2022 మార్చిలో మద్రాసు హైకోర్టు అభయారణ్యాల్లో పసుల మేతను నిషేధించింది. అడవికి, ఏనుగుకు ఆ కట్టుబాటు అవసరమే కావచ్చు. నేను దానికి తీర్పరిని కాను. కానీ కాటమరాజు కథ తెలిసినవాడు ఆ వార్త చదివితే ఒళ్లు జలదరించాలి. జలదరిస్తే అది కథగా, పాటగా బయటికి రావాలి.

ఎద్దులను ఉరికించే ఆటను గురించి మాత్రం అందరూ రాసినారు. 2014లో సుప్రీంకోర్టు ఆపడం, 2017లో తమిళనాడు చట్టం తేవడం, 2023లో రాజ్యాంగ ధర్మాసనం ఆ చట్టాన్ని నిలబెట్టడం, అన్నిటికీ వ్యాసాలు వచ్చాయి. ఆటకు వచ్చినంత రాత మేతకు రాలేదు.

మొన్నటి కనుమ సాయంకాలం మా ఊరి బయట కంపకుప్ప అంటించినారు. పసులు పదహారో పదిహేడో వచ్చాయి. రెండు ట్రాక్టర్లు కూడా పసుపు పూసుకొని, బంతిపూల దండ కట్టుకొని వచ్చాయి. కుర్రవాళ్లు వాటినీ మంట పక్కగా నడిపించి ఈలలు వేసినారు. ఒక ముసలామె రాయి ముందర కూర్చొని కాటమరాయుడి పాట ఎత్తుకొంది. పుల్లరి అడిగినచోట రాజు పేరు చెప్పలేదు. 'అడవిసాయెబు' అని పాడింది. అది ఎప్పటి మార్పో, ఆమె సొంతమో, మన అడవి అంచు ఊళ్లలో ఇంకెక్కడయినా అట్లే పాడతారో నాకు తెలుసుకోవాలని ఉంది. జవళగిరి, తళి, నాట్రాంపాళ్యం వైపు పాఠకులు ఎవరైనా విని ఉంటే, పాట పూర్తిగా రాకపోయినా సరే, ఆ చరణం వరకు ఎట్లా పాడతారో రాసి పత్రికకు పంపండి.